గూడెం రన్‌వే మీద మీ జెట్టు

ఏవండీ,

మీరు వెళ్ళిపోయి ఏడాది కావస్తోంది. ఈ మధ్యలో ఒక వానాకాలం వచ్చి పోయింది. సార్వా కోతలు అయ్యాయి. మన వీధి చివర ఖాళీ స్థలంలో సెల్‌ఫోను టవరు లేచింది. నేను బాగానే ఉన్నాను... అందరికీ అలాగే చెప్పి చెప్పి అలవాటైపోయింది.

మీ దగ్గర దాపరికం ఎందుకు? భయంగా ఉందండీ. ఏడాదంతా భయంగానే గడిచింది.

మొన్న శనివారం మీ జెట్టు ఎగిరింది. ఒక్క ముక్కలో రాసేశాను గానీ, ఆ ఉదయం ఏం జరిగిందో మీకు మొదటి నుంచీ చెబితే తప్ప నాకు నిద్ర పట్టేలా లేదు. అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకండి.

మీరు పోయాక దాన్ని ముందు గదిలోనే ఉంచాను. ఇంకెక్కడ పడుతుంది? మన మంచం కంటే పొడుగు. రెక్కలు విప్పి బీరువాకి ఆనించాను, మిగతా ఒళ్ళంతా బల్ల మీద పెట్టి దుప్పటి కప్పాను. మిమ్మల్ని కూడా ఆ గదిలోనే కదా పడుకోబెట్టింది... అదే బల్ల పక్కన, అదే కిటికీ కింద. నాకు ఆ దుప్పటి చూస్తే గుండె జారిపోయేది. కొన్నాళ్ళకి ముందు గుమ్మం వాడటమే మానేశాను. పెరటి తలుపు తీసుకుని, సందులోంచి వీధిలోకి వెళ్ళేదాన్ని. పక్కింటివాళ్ళు ఏమనుకున్నారో!

అసలు పళ్ళ సెట్లు చేసుకునే మనిషికి విమానాల పిచ్చి ఏమిటని మన పెళ్ళైన కొత్తలోనే మా అక్క అడిగింది. మీరు నవ్వి ఊరుకున్నారు. తర్వాత నాకొక్కదానికే చెప్పారు. కుర్రతనంలో వైమానికదళానికి వెళ్తే, రంగు చుక్కల పుస్తకం ముందు పెట్టి అంకె చదవమన్నారట. మీకు అక్కడ అంకే కనబడలేదట. ఎరుపూ ఆకుపచ్చా మీకు ఒకటేనని ఆ రోజే తెలిసిందట. "ఇంటికెళ్ళిపో బాబూ అన్నారు. వచ్చేశాను రత్నం. ఏలూరు స్టేషన్లో దిగేదాకా ఏడవలేదు." అంత మాత్రమే చెప్పారు. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

అందుకేగా మన ల్యాబులో పంటి ఆకారం మీరు చెక్కితే, పంటి రంగు నేను చూసేదాన్ని. ఏ ముసలాయన పన్ను ఏ పసుపో, ఏ పెళ్ళికూతురి పన్ను ఏ తెలుపో కిటికీ వెలుగులో పట్టి నేను చెప్పాలి. డాక్టర్లు మీ పనితనం అనుకునేవారు. మనిద్దరిదీ అది.

గణపవరం రాజు గారు వాళ్ళమ్మ గారి పళ్ళ సెట్టు కోసం వచ్చి, మన కప్పుకి వేలాడుతున్న కర్ర విమానాన్ని చూసి, సెట్టు సంగతే మరిచిపోయారు గుర్తుందా? ఆయనకి చేపల చెరువులు. నీటికాకులు పిల్లచేపల్ని మింగేస్తుంటే, వాటిని బెదరగొట్టడానికి చిన్న రిమోటు విమానాలు ఎగరెయ్యడం నేర్చుకున్నారు. కాకులు వారం రోజులు భయపడి తర్వాత మానేశాయట, ఈయన మాత్రం మానలేదు. మీకు చెయ్యడం వచ్చు, ఆయనకి ఎగరెయ్యడం వచ్చు. ఇంకేం కావాలి?

మీరు 'కిరణ్' అనే జెట్టు చేద్దామన్నారు. వైమానికదళం కుర్రాళ్ళు నేర్చుకునే విమానం. మీరు నేర్చుకోవాల్సింది... అలా అని మీరు అనలేదు, నేనే అనుకున్నాను. పళ్ళకి అచ్చు తీసే ప్లాస్టరుతోనే దాని పొట్టకీ వీపుకీ అచ్చులు పోశారు. అందులో గాజునారతో నేసిన గుడ్డ పరిచి రెజిన్ జిగురు పూశారు. ఇల్లంతా ఆ ఘాటు వాసన. రంగులు నేనే కలిపాను. తెలుపు మీద నారింజ పట్టీలు. రెక్కల కింద మాత్రం మొత్తం నారింజ. "నాకు ఏ రంగైనా ఒకటే. నువ్వు నారింజ అంటే నారింజే" అన్నారు మీరు, చెయ్యి కూడా కడుక్కోకుండా నా భుజం మీద వేసి.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారు కొట్టేయించిన ఏడాది రాజు గారి చెరువులు సగం పోయాయి. మనం ఇక ఈ పని ఆగిపోతుందనుకున్నాం. ఆయన ఇంజను మాత్రం జర్మనీ నుంచి తెప్పించారు. నీళ్ళ చెంబంత ఉంది. దానికి కిరోసిన్ పోస్తే నిమిషానికి లక్షసార్లకు పైగా తిరుగుతుందని మీరు చెబితే నేను నమ్మలేదు.

పెరట్లో దాన్ని మొదటిసారి తిప్పిన రోజు నమ్మాను.

సన్నగా ఈల మొదలైంది. అది పెరిగి పెరిగి చెవుల్లోంచి పుర్రెలోకి దిగింది. కొబ్బరి చెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి. అంతలో తోకలోంచి బుస్సున మూరెడు మంట! నేను పెట్టిన కేక విని గోడ అవతల వాళ్ళు బిందెలతో పరుగెత్తుకొచ్చారు. మీరు మాత్రం మంటలార్పే ఎర్రని సిలిండరు నా చేతికిచ్చి, గొళ్ళెం ఎలా లాగాలో, మూతి ఎటు పట్టాలో చూపించారు. "నీ ఉద్యోగం తోక దగ్గర, రత్నం. మంట బయటికొస్తే కొట్టు. రాకపోతే ఊరికే నిలబడు."

ఊరికే నిలబడటం ఎంత కష్టమో మీకేం తెలుసు? మీరు ఇంజను ముందుండి దాని మీటలు చూసుకునేవారు. ఏ క్షణాన ఏమవుతుందోనని దాని వెనకే కాచుకుని ఉండాల్సింది నేను.

"నాకు భయమండీ" అన్నాను. "భయమున్న మనిషే ఆ సిలిండరు పట్టుకోవాలి. ధైర్యవంతుడైతే పక్కన పెట్టి చుట్ట కాల్చుకుంటాడు" అన్నారు. అదేం ఓదార్పండీ?

తర్వాత సంగతి రాయడం కష్టం... పొద్దున్నే గుండెల్లో మంటగా ఉందన్నారు. రాత్రి తిన్న పెసరట్టు పడలేదన్నారు. సోడా తెప్పించుకుని తాగారు. స్టూలు మీద కూర్చుని జెట్టు లోపల ఏవో వైర్లు సర్దుతూ, "ఈ ముడి కాస్త పట్టుకో" అన్నారు. పట్టుకున్నాను. మీ చెయ్యి వదిలేసింది. ఆటో ఆసుపత్రి గేటు దాటకముందే మీరు లేరు.

మీరు పోయాక చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరు గారు చాలా మంచి మాటలు చెప్పారు. ఒక్కటీ నా చెవికెక్కలేదు.

ఆ తర్వాతే పట్టుకుంది భయం. ముందు రోడ్డు దాటడానికి భయం. తర్వాత ఫోను మోగితే భయం. తర్వాత వంటింట్లో గ్యాసు వెలిగించడానికి భయం. అగ్గిపుల్ల గీసి, చెయ్యి చాచలేక, వేళ్ళు కాలేదాకా పట్టుకుని నిలబడేదాన్ని. ల్యాబులో మైనం కరిగించే స్పిరిట్ దీపం సంగతీ అంతే. దెందులూరు మాస్టారొకాయన పై పళ్ళ సెట్టుకి కొలతలిచ్చి వెళ్ళారు. పాపం, ఎప్పుడొచ్చినా "ఇంకా అవలేదండీ" అనేదాన్ని. ఆయన చిగుళ్ళతోనే నవ్వి, "పర్లేదమ్మా, జావ తాగుతున్నాను లెండి" అనేవారు. మూడోసారి కూడా అలాగే అని వెళ్ళిపోతుంటే, ఆయన వీపు చూసి నాకు సిగ్గేసింది. పెద్దమనిషి నా భయానికి జావ తాగుతున్నారు!

ఆ సాయంత్రమే రాజు గారికి ఫోన్ చేశాను. "అన్నయ్య గారూ, జెట్టు ఎగరేద్దామండీ" అన్నాను.

ఆయన వెనకాల టీవీ కట్టేయమని ఎవరినో కసిరారు.

"చెల్లెమ్మా, నేనే మీ ఇంటికొద్దామనుకుంటున్నాను. మా హాల్లో గాజు పెట్టె చేయించి పెడదామని... నా చేతుల మీద ఎన్ని విమానాలు కూలలేదు? కూలిందల్లా ఆయన మళ్ళీ చేసిచ్చాడు. ఇది కూలితే చేసేవాడేడమ్మా?"

ఆయనకీ భయమేనని అప్పుడు తెలిసింది. అంత మనిషి, బుర్రమీసం, చెరువు గట్టు మీద నిలబడి కేకేస్తే అవతలి గట్టు మీద కూలీలు ఉలిక్కిపడతారు... అలాంటి మనిషి ఫోన్లో గాజు పెట్టె అంటున్నారు.

"ఇంట్లో పెట్టుకుని భయపడలేకపోతున్నానండీ" అన్నాను. "బయటికి తీసుకెళ్ళి భయపడదాం." అలా ఎందుకన్నానో నాకే తెలీదు. ఆయన మర్నాడు చేపల వ్యాను కడిగించి తెచ్చారు.

నెలరోజుల పైనే పట్టింది అన్నీ చూసుకునేసరికి. మీరు సగంలో వదిలిన వైర్లు రాజు గారు పూర్తి చేశారు. నేను పక్కన కూర్చుని ఏ రంగు వైరు ఎక్కడికి వెళ్తుందో చెప్పాను. మీరు ఎరుపనుకుని ఆకుపచ్చ తగిలించినవి రెండు దొరికాయి. నవ్వామండీ ఇద్దరం. మీరు పోయాక మొదటిసారి నవ్వడం... నవ్వి, వెంటనే ఇద్దరం తలొంచుకున్నాం.

జెట్టుని వ్యానులో గణపవరం తీసుకెళ్ళి చెరువు గట్టు మీద రిమోటు ఎంత దూరం పనిచేస్తుందో చూశాం. ఆయన ఏరియల్ మడిచి, రిమోటు పట్టుకుని గట్టు వెంట నడిచారు. నేను జెట్టు దగ్గర నిలబడి, రెక్క చివరి పలకలు కదులుతుంటే చెయ్యెత్తాలి. కదులుతున్నంతసేపూ ఎత్తాను. ఒక్కసారి తోక పలక దానంతటదే గజగజలాడింది. జ్వరం వచ్చిన మనిషి గడ్డంలా. అది గాల్లో జరిగి ఉంటే? వెతికితే ఒక ప్లగ్గు వదులుగా ఉందట. బిగించారు, మళ్ళీ మళ్ళీ చూశారు, మళ్ళీ జరగలేదు. కానీ ఆ గజగజ మాత్రం నా కళ్ళలోంచి పోలేదు.

శనివారం తెల్లారగానే ఏలూరు నుంచి బయల్దేరాం. దుప్పట్ల, పరుపుల మధ్య జెట్టు, ముందు సీట్లో రాజు గారూ నేనూ, నా ఒళ్ళో ఎర్ర సిలిండరు. దెందులూరు దాటాక మంచు. ఎదురుగా లారీలు లైట్లేసుకుని వస్తున్నాయి. భీమడోలు దాకా నేను కళ్ళు మూసుకునే ఉన్నాను. "ప్రార్థన చేస్తున్నావామ్మా?" అన్నారాయన. అవునన్నాను. నిజానికి ప్రార్థన మాటలు కూడా గుర్తు రావడం లేదు.

తాడేపల్లిగూడెం పాత రన్‌వే మీకు తెలిసిందే. యుద్ధం రోజుల్లో తెల్లవాళ్ళు వేసింది. పగుళ్ళలో గడ్డి, అంచుల్లో తుమ్మమొక్కలు. ఒక చివర కారు నేర్చుకునేవాళ్ళు, ఇంకో చివర ధాన్యం ఆరబోసుకునేవాళ్ళు. అడగాల్సినవాళ్ళని రాజు గారు ముందే అడిగారు. మధ్యలో మాకు కావలసినంత మేర ఇద్దరు మనుషుల్ని పెట్టి ఊడిపించారు. కారు వాళ్ళు మర్యాదగా తప్పుకున్నారు. ధాన్యం తియ్యడం ఎలా కుదురుతుంది? రాత్రి మంచుకి తడిసి ఉంది, ఎండకి పరిచేశారు.

అక్కడ పని చేస్తున్న ఆడవాళ్ళలో పెద్దావిడ నా దగ్గరికొచ్చింది. పేరు వెంకాయమ్మ. కాళ్ళతో ధాన్యం తిరగేసి తిరగేసి మడమలు పగిలి ఉన్నాయి. మేం వెంట తెచ్చిన బల్ల మీదున్న జెట్టుని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది.

"ఏవండీ, ఇది నిజంగా లేస్తదాండీ?"

"లేస్తుందనే వచ్చామమ్మా."

"లేస్తే లేచింది గానీ... మామీద పడదు కదండీ?"

రాజు గారి వైపు చూశాను. ఆయన వినబడనట్టు రెక్కకి మర బిగిస్తున్నారు. చివరికి, "అటు వైపు రాకుండా చూస్తామమ్మా. మా శబ్దం మొదలైతే మీరంతా ఆ చెట్ల కిందకెళ్ళండి" అన్నాను. "ఆయ్" అని వెళ్ళింది. వెళ్తూ రెండుసార్లు వెనక్కి చూసింది.

మంచు విడిచేదాకా ఆగాం. కొల్లేటి వైపు నుంచి గూడబాతులు గుంపుగా మా నెత్తి మీదుగా పోయాయి. అవి పోయేదాకా కూడా ఆగాం. ఇంకేదైనా అడ్డం వస్తే బాగుండునని లోలోపల నాకు... గాలి పెరిగినా, వాన పడినా, వ్యాను టైరు పంక్చరైనా. ఏదీ రాలేదు.

ఇంజను మొదలుపెట్టారు. నేను తోక దగ్గర నా చోటులో నిలబడ్డాను. సన్నటి ఈల. కిరోసిన్ వాసన. నా వేలు గొళ్ళెం మీదే ఉంది. మంట బయటికి రాలేదు. ఈల గట్టిపడి ఒకే గొంతు మీద నిలిచింది. రాజు గారు నన్ను రమ్మని సైగ చేశారు. సిలిండరు మోసుకుంటూ వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన నుదుటి నుంచి చెమట మీసంలోకి కారుతోంది. అంత చలిలో.

"వదిలేస్తున్నానమ్మా" అన్నారు.

అది పరుగెత్తింది. పగుళ్ళ మీద గడగడలాడుతూ పరుగెత్తింది. ముక్కు లేచింది. చక్రాలకీ నేలకీ మధ్య సందు కనబడింది... అంతే, ఇంక నేల మీద లేదు.

ఏవండీ, మీరు చూడాల్సింది. ఎలా ఉందో నాకు చెప్పడం రాదు. బొమ్మలా లేదు. దూరంగా నిజం విమానం పోతున్నట్టుంది. చక్రాలు పొట్టలోకి ముడుచుకుంది. చెట్ల కింద ఆడవాళ్ళు "ఓలమ్మో" అంటున్నారు. రాజు గారు పెదవి కొరుక్కుంటూ దాన్ని గుండ్రంగా ఒక చుట్టు తిప్పారు. మా ముందు నుంచి పోతుంటే ఆ శబ్దం ముందు పొట్టలో తగిలింది, తర్వాత చెవిలో.

రెండో చుట్టులో తూర్పు వైపు తిరిగింది. సూర్యుడికి ఎదురుగా. నాకు చూడాలంటే భయమేసి కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఆయన కళ్ళార్పకుండా దాన్నే చూస్తూ సూర్యుడిలోకి చూసేశారు.

"చెల్లెమ్మా! కనబడట్లేదు... కళ్ళు బైర్లు కమ్మినయ్. ఎటు తిరిగుందో తెలీట్లేదమ్మా!"

కళ్ళు తెరిచాను. ఎండ పక్కనించి బయటికొస్తోంది, చిన్నగా, పిట్టంత. కానీ దాని కింద రంగు కనబడింది. నారింజ. నేను కలిపిన నారింజ.

"పొట్ట మనవైపుంది! ఒరిగి అవతలికి పోతోంది... ఊరి వైపు!"

"ఇటు తిప్పుతున్నాను, వచ్చిందా?"

"లేదు... లేదు... ఆఁ, వీపు కనబడుతోంది. తెలుపు! ఇటే వస్తోంది!"

ఎంతసేపు అలా చెప్పానో తెలీదు. నారింజ, తెలుపు, నారింజ, తెలుపు. ఆయన కళ్ళు నేను, నా చేతులు ఆయన. మెల్లగా ఆయనకి చూపు కుదిరింది. "దొరికిందమ్మా, దొరికింది" అన్నారు.

ఇంక దింపేద్దామన్నారు. మొదటిసారి దింపబోతే వేగం ఎక్కువైంది. నేల తాకకుండా రన్‌వే పొడుగునా పోతోంది. ఎదురుగా ధాన్యం. చెట్ల కిందికి వెళ్ళమన్న ఆడవాళ్ళలో ఒకత్తె, గోతాలు ఎగిరిపోతాయనుకుందో ఏమో, ధాన్యం మధ్యలోకి వచ్చేసింది. నేను అరిచాను. ఆయన ఇంజను పెంచారు. ఈ ఇంజను చెప్పగానే వినదు, కాస్త ఆలోచించుకుని వింటుందని మీరే కదా అన్నారు? ఆ కాస్తలో నా ప్రాణం పోయింది. అది విన్నది. లేచింది. ఆ మనిషి నెత్తి మీదుగా, తాటిచెట్టెత్తులో పోయింది. ఆవిడ కింద చతికిలబడి చెవులు మూసుకుంది.

రెండోసారి సరిగ్గా వచ్చింది. తాకింది. హమ్మయ్య అనుకునేలోగా ముందు చక్రం పగుల్లో పడి విరిగింది. ముక్కు నేలకేసి రాసుకుంటూ, నిప్పురవ్వలు లేపుకుంటూ, పక్కకి తిరిగి ఎండుగడ్డిలోకి దూసుకెళ్ళి ఆగింది.

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత తోక దగ్గర మంట.

రాజు గారు రిమోటు మెడకి వేలాడుతుంటే అలాగే నిలబడిపోయారు. కాళ్ళు రాలేదాయనకి. నాకు వచ్చాయండీ. ఎలా వచ్చాయో తెలీదు. ఏడాదిగా అగ్గిపుల్లకి భయపడ్డ దాన్ని, ఆ మంట వైపు పరుగెత్తాను. చీర కుచ్చిళ్ళు కాళ్ళకి తగులుతున్నాయి, సిలిండరు మోకాలికి కొట్టుకుంటోంది. ఏదో అరుస్తున్నాను, నాకే వినబడటం లేదు. దగ్గరికెళ్ళేసరికి కారిన కిరోసిన్ గడ్డిలో అంటుకుంది. వేడి మొహానికి కొట్టింది. గొళ్ళెం లాగాను. మూతి తోక వైపు పెట్టాను. తెల్లగా పొగ బుస్సుమని వచ్చింది, మంట వంగింది, మళ్ళీ లేచింది, మళ్ళీ కొట్టాను. సిలిండరు ఖాళీ అయ్యేదాకా కొడుతూనే ఉన్నాను.

తోకలో ఆరింది. గడ్డిలో మాత్రం మంట గాలివాటున ధాన్యం వైపు పాకుతోంది. అప్పుడు చూశాను, వెంకాయమ్మా మిగతా ఆడవాళ్ళూ తాగే నీళ్ళలో గోనె సంచులు ముంచుకుని పరుగెత్తుకొస్తున్నారు. చుట్టూ నిలబడి సంచులతో బాదారు. వాళ్ళ మీద పడదు కదా అని అడిగిన మనిషి, పడ్డదాన్ని ఆర్పడానికి ముందొచ్చింది. రాజు గారు కూడా అప్పటికి వచ్చి, చొక్కా విప్పి దాంతోనే బాదుతున్నారు.

అంతా ఆరాక ఆ కాంక్రీటు మీదే కూలబడ్డాం. తోక నల్లగా మాడింది. ముందు కాలు విరిగింది. రెక్కలు బాగానే ఉన్నాయి. మీ ఇంజను లోపల ఎలా ఉందో ఇంకా తెలీదు. రాజు గారు ఏడుస్తూ నవ్వుతూ, "ఎగిరిందమ్మా... మీ ఆయన చేసింది ఎగిరింది" అంటూనే ఉన్నారు. ధాన్యానికి ఏమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. అది చాలు.

వెంకాయమ్మ నా పక్కన గొంతుక్కూర్చుని తన చెంబుతో నీళ్ళిచ్చింది. నేను తాగుతుంటే అడిగింది.

"ఏం ప్రార్థనండీ అది? పరుగెడతా ఒకటే అరిచారు... 'దేవసహాయం, దేవసహాయం' అని. మీ దేవుడు పలికాడండీ. లేపోతే ఆ నిప్పు ఆగేదేనా?"

చెంబు కింద పెట్టాను.

రాజు గారు మొహం అటు తిప్పుకున్నారు. ఆయనకి తెలుసు. నేను ఆవిడతో మాత్రం అవునమ్మా అన్నాను.

మీ పేరండీ అది. పెళ్ళినాడు చర్చిలో పాస్టరు గారు ముక్క ముక్క పలికిస్తుంటే, "రత్నకుమారి అనే నేను, దేవసహాయం అనే నిన్ను" అని తలొంచుకుని ఒక్కసారి అన్నాను. ఆ తర్వాత ఇన్నేళ్ళలో నా నోట రాలేదు. ఆసుపత్రిలో నర్సు మీ పేరు అడిగితే కూడా ఆటో అబ్బాయి చేత చెప్పించాను. మొన్న మాత్రం గూడెం రన్‌వే పొడుగునా, ఊరంతా వినేలా... కోపం వచ్చిందా? వినబడిందా అసలు?

రాజు గారు విరిగిన కాలు పట్టుకెళ్ళారు. తోక భాగానికి మళ్ళీ అచ్చు పొయ్యాలి. మీ అచ్చులు అటక మీద అలాగే ఉన్నాయి, రేపు దించుతాను. ప్లాస్టరు నేను కలుపుతాను, చూసి నేర్చుకున్నదే కదా. వెంకాయమ్మ వాళ్ళు ఈసారి ధాన్యం ఎత్తేశాకే రమ్మన్నారు. అలాగే వెళ్తాం.

భయం పోయిందని మీకు అబద్ధం చెప్పను. ఇది రాస్తుంటే కూడా వీధిలో ఏదో శబ్దమైతే ఉలిక్కిపడ్డాను. మళ్ళీ ఆ రోజు వచ్చినా భయపడతాను. సిలిండరు పట్టుకుని నా చోటులోనే నిలబడతాను. మంట బయటికొస్తే మళ్ళీ పేరు పెట్టే పిలుస్తాను మిమ్మల్ని. ఏమీ అనుకోకండి.

మీ
రత్నం